నివురు పట్టని బొగ్గులు

నాకు సంతకం వరకే వచ్చు. అది కూడా గీతలు గుర్తుపెట్టుకుని గీసేదే తప్ప, ఏ అక్షరం ఎక్కడుందో అడిగితే చెప్పలేను. ఈ మాటలన్నీ నేను మంచం మీద కూర్చుని చెబుతుంటే, నా కూతురు సుభాషిణి కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని కంప్యూటర్‌లో కొడుతోంది. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల. పుట్టబోయే బిడ్డకు అమ్మమ్మ బతుకు తెలియాలని, శనివారం పొద్దున ఒక గంట నన్ను కూర్చోబెట్టి పాత సంగతులు చెప్పించుకుంటోంది. ఇంతవరకు చెప్పినవన్నీ నవ్వుకునే సంగతులే. మా నాయన బొగ్గుల బట్టీలు, మా నాయనమ్మ తిట్లు, నా పెనిమిటి ఇస్త్రీ బండి. ఇవాళ మాత్రం తనే ఒక ప్రశ్న పట్టుకుని కూర్చుంది. "ఆ జపాన్ హోటల్లో ఆరోజు అట్లా లేచి తలుపెందుకు తీశావమ్మా? నిప్పును చేత్తో ఎందుకు పట్టుకున్నావు? చెప్పు, రాస్తా" అంది. పదిహేను రోజులుగా అడుగుతూనే ఉంది. పొగ పడలేదులే అని నేను దాటేస్తూనే ఉన్నాను. ఇంక దాటేయడానికి లేదు. నెల తిరిగేసరికి బిడ్డ నా చేతుల్లోకి వస్తుంది. సుభ మళ్లీ ఆఫీసుకు వెళితే పగలంతా ఆ బిడ్డను చూసుకునేది నేనే. ఈ చేతులు ఒకప్పుడు ఏం చేశాయో తెలిసే ఇవ్వాలి కదా. తెలిశాక ఇస్తుందో ఇవ్వదో, అదే నా భయం.

మమ్మల్ని ఆ హోటల్‌కు తీసుకెళ్లింది స్వప్న. సుభ ఆఫీసులోనే పనిచేసే వరంగల్ పిల్ల. నోరు ఆగదు, మనసు మంచిది. ఏడో నెలలో సుభకు గాజులు తొడిగిద్దామని హాలు కోసం తిరిగితే ఒక్కటీ దొరకలేదట. అందుకని ఎవరికీ చెప్పకుండా అక్కడ ఒక గది మాట్లాడింది. గది మొత్తం మా నలుగురికే. సుభ, అల్లుడు మహేష్, స్వప్న, నేను. మధ్యాహ్నం వేళ, పైన వాన. సుభవాళ్లు ఉంటున్న ఈ పరాయి దేశపు ఊరు బర్నబీలో ఈ నెలల్లో వాన పడని రోజేది? కొండ మీది యూనివర్సిటీని మబ్బు మింగేసి ఉంది. హోటలంటే ఒక పాత చెక్క ఇల్లు. చెప్పులు బయట విడిచి, సన్నటి నడవలోంచి వెళ్లి, పక్కకు జరిపే తలుపు తీసుకుని గదిలోకి పోయాం. చాపలు పరిచిన నేల. నేల మధ్యలో నలుచదరం గుంట, గుంట నిండా బూడిద, బూడిద మీద దువ్వెనతో దువ్వినట్టు చారలు. ఆ బూడిద నడుమ ఎర్రగా బొగ్గులు. పైన దూలానికి కొక్కెం కట్టి, నిప్పుల మీదికి దిగేట్టు నల్లటి ఇనప కెటిల్ వేలాడదీశారు. చుట్టూ కూర్చుని, కాళ్లు కిందికి పెట్టుకుని తినాలి. చేపల్ని పుల్లలకు గుచ్చి, నిప్పు చుట్టూ బూడిదలో నిలబెట్టి కాలుస్తారట.

స్వప్న చప్పట్లు కొట్టింది. "ఆంటీ, గిది మన కుంపటే గదా! కుంపటి సుట్టూ కూసొని తినేటందుకు కారేస్కొని గింత దూరమొచ్చినమా అని తిట్టకుండ్రి."

"తిట్టనులే తల్లీ" అన్నాను. నవ్వాను కూడా. కానీ నా ముక్కుకు అప్పటికే అందింది. బొగ్గుకు వాసన లేదంటారు, బొగ్గు తెలియనివాళ్లు. ఉంటుంది. కాలిన ఇటుకను తడి చేత్తో పట్టుకుంటే వచ్చే వాసన. ఆ వాసన తగిలితే నా చెవులు రెండూ గుయ్యిమంటాయి. ఇస్త్రీ పెట్టె బొగ్గులతో పాతికేళ్లు బతికినదాన్ని, అయినా ఎంత వాన వచ్చినా ఆ పెట్టెను ఇంట్లోకి రానిచ్చేదాన్ని కాదు. నా పెనిమిటి బండి మీద గోతం కప్పుకుని తడుస్తూనే ఇస్త్రీ చేసేవాడు. "నీకు పిచ్చే" అనేవాడు. పిచ్చేనని ఒప్పుకునేదాన్ని. కారణం ఆయనకూ చెప్పలేదు. తెలియకుండానే పోయాడు.

మాది కనిగిరి వైపు మెట్ట. వాన తక్కువ, చిల్లకంప ఎక్కువ. సర్కారు తుమ్మ అంటే అందరికీ తెలుస్తుందేమో. ఏ పంటా పండని చేలల్లో ఆ కంపే మాకు పంట. నాయన, అమ్మ కంప కొట్టి, మొద్దులు నరికి, వాటిని నిలువుగా గుండ్రంగా పేర్చి, పైన పచ్చి ఆకు పరిచి, ఆకు మీద బురదమట్టి మెత్తేవాళ్లు. బోర్లించిన పెద్ద కుండలా ఉండేది బట్టీ. నెత్తిన నిప్పు వేసి, అడుగున బెజ్జాలు పెట్టేవాళ్లు. ఇక అక్కడి నుంచి దాని పక్కన మనిషి ఉండాల్సిందే. మొదట తెల్లటి పొగ వస్తుంది, పాలు పొంగినట్టు. తర్వాత పసుపుపచ్చ. చివరికి నీలం, కనపడీ కనపడకుండా. నీలం రాగానే బెజ్జాలు మూసెయ్యాలి. ఈలోపు మట్టి ఎక్కడన్నా బీటవారి గాలి దూరిందా, లోపల భగ్గున అంటుకుని అన్నాళ్ల కష్టం బూడిదైపోతుంది. అందుకని అమ్మా నాయనా వంతులు వేసుకుని అక్కడే పడి ఉండేవాళ్లు. వాళ్లు ఉమ్మితే నల్లగా పడేది. బట్టీ విప్పిన రోజు నాయన రెండు బొగ్గులు చేతిలోకి తీసుకుని ఒకదానికొకటి కొట్టి నా చెవి దగ్గర పెట్టేవాడు. ఖంగుమంటే పండిన బొగ్గు. దబ్బుమంటే ఇంకా కట్టే. "ఇనపడిందా?" అనేవాడు. ఆ వేడి బూడిదలో పూడ్చిపెట్టిన చిలగడదుంపలు తవ్వి ఇచ్చేవాడు. తోలు మాడి, లోపల తేనెలా ఉండేవి. అంత తీపి మళ్లీ నేను ఎక్కడా తినలేదు. ఆ దుంప పేరెత్తాలంటే కూడా ఇప్పుడు నోరు రాదు.

ఇంట్లో పెత్తనం నాయనమ్మది. పిడికెడంత మనిషి, గొంతు మాత్రం ఊరికంతా వినపడేది. పొద్దున లేస్తే సజ్జ సంకటి, పచ్చి ఉల్లిపాయ, నూరిన కారం. మధ్యాహ్నం నడుం వాల్చేముందు వక్కాకు. ఆమెకు గడియారం అక్కర్లేదు. ఒక వక్కాకు నమిలినంత సేపు, రెండు వక్కాకులు నమిలినంత సేపు, అదే లెక్క. ఊళ్లో ఎవరు పురుడు పోసుకున్నా బాలింత గదికి ఆమెనే పిలిచేవాళ్లు, కుంపటి పెట్టడం ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని. మా వైపు బాలింత మంచం కింద కుంపటి పెట్టి వేడి పట్టిస్తారు. నడుము గట్టిపడాలని, చలి తగలకూడదని. నాయనమ్మ కుంపటిని వాకిట్లోనే రాజేసేది. విసనకర్రతో విసిరి, బొగ్గులన్నీ ఎర్రబడేదాకా, ఎర్రబడి పైన తెల్లటి నివురు పట్టేదాకా గడప దాటనిచ్చేది కాదు. అప్పుడు సాంబ్రాణి, వాము, వెల్లుల్లి పొట్టు చల్లి, తడిగుడ్డతో అంచు పట్టుకుని లోపలికి తెచ్చేది. ఒక వక్కాకు నమిలినంత సేపు ఉంచి బయటికి తీసేసేది. అంతసేపూ తలుపు జానెడు తెరిచి ఉండాలి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది. "నల్లబొగ్గు మింగుద్దే. ఎర్రబొగ్గు కాలుద్ది. తెల్లబొగ్గు కాపాడుద్ది. నల్లది ఒక్కటి కనపడినా లోపలికి తేబాక." నేను తల ఊపేదాన్ని. ఎందుకు మింగుతుందో అడగలేదు. ఆమెకూ తెలిసి ఉండదు.

ఇప్పుడు ఆ హోటల్ గదికి వస్తాను. మాకు వడ్డించింది ఒక పెద్దావిడ. పేరు మిచికో అని సుభ చెప్పింది. నా ఈడుదే, ముగ్గుబుట్ట లాంటి తల, మోకాళ్ల మీద కూర్చుని లేవడంలో మాత్రం పదహారేళ్ల పిల్ల. ఆమె చేతిలో ఇనప పుల్లలు రెండు. వాటితో ఒక్కో నిప్పును ఎంత సుతారంగా సర్దుతోందంటే, నిద్రపోయే పిల్ల జుట్టు సర్దినట్టే. మొదట తెచ్చిన బొగ్గులన్నీ తెల్లటి నివురుతో ఉన్నాయి. వాటిని చూసి నా ప్రాణం కాస్త కుదుటపడింది. చేపలు చిటపటలాడాయి. స్వప్న ఫొటోలు తీస్తూ మంట ఇంకొంచెం పెద్దదైతే బాగుంటుందని ఇంగ్లీషులో అడిగింది. మిచికో గారు నవ్వి, పక్కన బుట్టలోంచి రెండు బొగ్గులు తీసి నిప్పుల అంచున ఆనించింది. నల్లవి. నిగనిగలాడే నల్లవి. ఆనించి, వంగి దండం పెట్టి, బయటికి వెళ్లి తలుపు జరిపేసింది. తలుపు చప్పుడు కూడా చేయలేదు. నాలుగు గోడలు, నలుగురం మనుషులం, మధ్యలో నల్లబొగ్గు. సుభ నిప్పుకు అందరికంటే దగ్గరగా కూర్చుని ఉంది, పొట్ట మీద చెయ్యి వేసుకుని. నిద్ర వస్తున్నట్టు కళ్లు సగం మూసింది. కడుపుతో ఉన్నదానికి మధ్యాహ్నం నిద్ర రాదా? వస్తుంది. నాకు తెలుసు. కానీ ఆ మూసిన కళ్లు చూశాక నేను ఆగలేకపోయాను.

లేచి తలుపు జానెడు జరిపాను. చలిగాలి రయ్యిన వచ్చింది. "అత్తయ్యా, చలేస్తుంది, సుభకి జలుబు చేస్తుంది" అని మహేష్ లేచి మూశాడు. ఒక్క నిమిషం ఓర్చుకున్నాను. మళ్లీ తీశాను. "ఏందమ్మా, ఊపిరాడట్లేదా?" అంది సుభ. "నాకు కాదు" అన్నాను. "పైన గొట్టం ఉంది చూడండి అత్తయ్యా, పొగంతా అటే పోతుంది. ఇక్కడ పర్మిట్ లేకుండా ఇలాంటివి పెట్టనివ్వరు" అన్నాడు మహేష్. పాపం మంచి పిల్లాడు, గొంతు పెంచలేదు. మళ్లీ లేచి మూశాడు. అప్పుడు నేనేం చేశానో నాకే తెలియదు. ముందుకు వంగి, ఆ నల్లబొగ్గులు రెండింటినీ వేళ్లతో ఎత్తి దూరంగా బూడిదలో పడేశాను. ఒకటి అప్పటికే ఒక పక్క అంటుకుంది. వేళ్లు చురుక్కుమన్నాయి. స్వప్న "అయ్యో ఆంటీ!" అని అరిచింది. సుభ ముఖం ఎర్రబడింది. భయంతోనో, సిగ్గుతోనో.

అరుపు విని మిచికో గారు వచ్చింది. కోప్పడలేదు. తడిగుడ్డ తెచ్చి నా వేళ్లకు చుట్టి, బూడిదలో పడి ఉన్న బొగ్గుల్ని చూసి, తలుపు చూసి, నన్ను చూసింది. సుభతో ఏదో అడిగింది. "నువ్వు బొగ్గుల పని చేసినదానివా అని అడుగుతోందమ్మా. నిప్పును అట్లా ఎత్తడం తెలిసినోళ్లకే వస్తుందంట." ఔనన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లేపి చూపించింది. పైన పొగ లాగే గొట్టం, గోడ అడుగున గాలి వచ్చే సందు, మూలన సబ్బుబిళ్లంత తెల్లటి డబ్బా. గాలి చెడితే అది అరుస్తుందట. అన్నీ చూపించాక బుట్టలోంచి రెండు బొగ్గులు తీసి నా చెవి దగ్గర ఒకదానికొకటి కొట్టింది. ఖంగుమన్నాయి. ఎన్నేళ్లయిందో ఆ చప్పుడు విని. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఆ రెండూ బయటే రాజేసుకుని, తెల్లబడ్డాక తెచ్చి పెట్టింది. వెళ్తూ వెళ్తూ తలుపు సందులో ఒక చిన్న చెక్కముక్క అడ్డం పెట్టింది, మూసుకోకుండా. మిగతా తిండి అంతా ఆ చలిలోనే తిన్నాం. కార్లో సుభ అడిగింది, ఎందుకమ్మా అని. పొగ పడలేదన్నాను. ఆ గదిలో పొగే లేదు.

సరే, రాయి సుభా. ఇక్కడి నుంచి నీకు తెలియనిది.

మా అక్క రమణమ్మ తొలి కాన్పుకు ఇంటికొచ్చింది. నాకు పదకొండో పన్నెండో. ఆడపిల్ల పుట్టింది. తల నిండా జుట్టు, పిడికిలి విప్పేది కాదు. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేసి పేరు పెడదామనుకున్నారు. దానికి రెండు రోజుల ముందు ముసురు పట్టింది. మా ఊళ్లో అట్లాంటి వాన ఎప్పుడోగానీ పడదు. బట్టీ అప్పుడే పసుపుపొగలో ఉంది. అమ్మతో పాటు అక్కడే ఉన్న నాయన, మట్టి కరిగి కారిపోతోందని కేక వేస్తే, నాయనమ్మ ఉన్న తాటాకులన్నీ నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది. పోతూ నాతో "పిల్లను, అక్కను చూస్తా ఉండు. సల్లగాలి తగలనియ్యబాక, బాలింతకు సన్నిపాతం కమ్ముద్ది" అంది. కాసేపటికి అక్క దుప్పటిలోంచి వణుకుతూ పిలిచింది. "చలేస్తందే. కుంపటి పెట్టవే." నాయనమ్మ పెట్టడం వందసార్లు చూశాను కదా, నాకు రాదా అనుకున్నాను. గర్వం కూడా. నాయన దాచిన మంచి బొగ్గు, ఖంగుమనే బొగ్గు, కుంపటి నిండా పోశాను. ఎక్కువ పోస్తే అక్కకు ఎక్కువ వెచ్చన అవుతుందని. వాకిట్లో వాన, చూరు కింద రాజేశాను. జల్లు కొట్టి కొట్టి అంటుకోదు. పైన నాలుగు ఎర్రబడ్డాయి. అడుగువి నల్లగానే ఉన్నాయి. లోపల అక్క మళ్లీ పిలిచింది. సాంబ్రాణి వేసి తెచ్చి మంచం కింద పెట్టేశాను. కిటికీలో గోనెపట్టా కుక్కాను. తలుపు జానెడు తెరవాలని తెలుసు. చల్లగాలి తగలకూడదనీ తెలుసు. రెండూ నాయనమ్మ మాటలే. ఆ రోజు గాలి ఆ తలుపును టపటపా కొడుతోంది. నేను తలుపు మూశాను. దానికి గడియ సరిగా పడదు, అందుకని బయట గడప మీద కూర్చుని వీపు ఆనించాను. గాలి తోసినప్పుడల్లా నేను వెనక్కి తోశాను. అక్కను కాపలా కాస్తున్నాననుకున్నాను. ఎంత సేపు? మూడు నాలుగు వక్కాకులు నమిలినంత సేపు. లోపల చప్పుడు లేదు. వెచ్చగా నిద్రపోతున్నారని సంతోషపడ్డాను.

నాయనమ్మ తడిసి ముద్దై వచ్చింది. నన్ను చూసి, మూసిన తలుపు చూసి, జుట్టు పట్టుకుని పక్కకు లాగేసింది. మంచంతో సహా అక్కను వాకిట్లోకి ఈడ్చింది. వానలోకి. అక్క కక్కుకుంది, కళ్లు తేలేసింది, తర్వాత తెలివి వచ్చి "తల పగిలిపోతందే" అంది. పాపను నాయనమ్మ కాళ్ల మీద వేసుకుని రుద్దింది, ఊదింది, అరికాళ్లు తట్టింది. పిడికిలి విప్పని పిల్ల, వేళ్లన్నీ విప్పేసి ఉంది.

నాయనమ్మ లోపలికి వెళ్లి కుంపటి ముందు కూర్చోవడం నేను చూశాను. పైన నిప్పుల్ని కదిపింది. అడుగున సగం నల్లగా ఉన్నవాటిని వేళ్లతోనే ఎత్తి, పెరటి దోవన వెళ్లి కుడితి తొట్లో పడేసింది. సుయ్యిమన్నాయి. అప్పుడు నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు ఎట్లాంటిదో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను. అమ్మా నాయనా వచ్చేసరికి వాకిట్లో నిలబడి ఊరికంతా వినపడేట్టు ఏడ్చింది. "పక్షిదోసమయ్యా! నిన్న సందేళ పిల్లను వాకిట్లోకి తెచ్చింది, వద్దంటే యిన్లా. నెత్తి మీద పక్షి దాటిపోయింది!" సందెవేళ నెత్తిన పక్షి దాటితే పసిబిడ్డ బతకదని మా వైపు నమ్మకం. అందరూ అక్క వైపు చూశారు. అక్క నిజంగానే ముందురోజు సందెవేళ పాపను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చింది, కొంగల బారు చూపించడానికి. నేనూ పక్కనే ఉండి చూశాను. నాయనమ్మ నన్ను దాచింది. దాచడానికి అక్కను పెట్టింది. పన్నెండేళ్ల దాన్ని తిట్లు పడకుండా కాపాడుకుందామనుకుందో, పెళ్లి కావలసిన పిల్లకు చెడ్డపేరు వద్దనుకుందో, కుంపటి సంగతి బయటపడితే తన పేరే పోతుందనుకుందో. ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఏ బాలింత గదికి పిలిచినా వెళ్లలేదు. నేను నోరు తెరవలేదు. మొదట భయం. తర్వాత అలవాటు. తర్వాత, చెప్పాల్సిన వేళ దాటిపోయిందన్న సాకు.

అక్కకు ఆ తర్వాత ఇద్దరు మగపిల్లలు. సందె పడితే చాలు, వాళ్లను కొంగు కింద దాచుకుని ఇంట్లోకి పరిగెత్తేది. ఊళ్లోవాళ్లు నవ్వేవాళ్లు. ఆకాశంలో కొంగలు పోతుంటే తల దించుకునేది. ఎప్పుడూ పైకి చూడగా నేను చూడలేదు. మొన్న ఆమె పోవడానికి నెల ముందు ఫోన్లో ముఖం చూపించుకుని మాట్లాడింది. గొంతు పీలగా ఉంది. సుభ కడుపుతో ఉందని చెబితే ఎంత సంబరపడిందో. "ఒసే, పుట్టినాక సందేళ బయటికి తీసుకురాబాకండి. నా మాదిరి చేయబాకండి. నేనే గదా సేతులారా పోగొట్టుకుంది" అంది. ఇంకా ఏమందంటే, "ఆడ మంచు పడుద్దంట గదా. సుభకు కుంపటి మాత్రం మర్చిపోబాక. నువ్వు బాగా పెడతావు." నువ్వు బాగా పెడతావు అంది. అప్పుడన్నా చెప్పొచ్చు. నోరు తెరిచాను. "నెట్ సరిగా రావట్లేదక్కా" అన్నాను. అదే ఆఖరు మాట మా ఇద్దరికీ.

ఇక్కడ సుభ చెయ్యి ఆగింది. బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేచి వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు. నీళ్లు పడుతూనే ఉన్నాయి. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఈ దేశంలో అన్ని గదులూ వెచ్చగానే ఉంటాయి, నిప్పు ఎక్కడుందో కనపడదు. గోడలోంచి వెచ్చటి గాలి వస్తుంది, మీట నొక్కితే ఆగుతుంది. నాయనమ్మ చూస్తే నమ్మేది కాదు. ఆ రోజు మా ఊరి ఇంట్లో ఆ తెల్ల డబ్బా ఒక్కటి ఉండి, ఒక్క అరుపు అరిచి ఉంటే ఏమయ్యేదో అని ఈ పదిహేను రోజులూ అనుకుంటూనే ఉన్నాను. ఆ పాప ఇప్పుడు నాకంటే పన్నెండేళ్లు చిన్నదై ఉండేది, అంతే. ఆమెకూ మనవలు పుట్టి ఉండేవాళ్లు. ఇట్లా అనుకుంటూ ఉంటే నీళ్ల చప్పుడు ఆగింది.

సుభ వచ్చి కుర్చీలో కాదు, నా పక్కన మంచం మీద కూర్చుంది. ముఖం కడుక్కున్న తడి ఇంకా ఉంది. "ఆ పాపకు పేరు పెట్టలేదా?" అంది.

"లేదు."

"పన్నెండేళ్ల పిల్ల చేతికి పురిటిగది ఎవరప్పగించారమ్మా?"

ఈ మాట ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరు అడుగుతారు? కానీ నాకు నేనూ వేసుకోలేదు. "బట్టీ కారిపోతుంటే ఏం చేస్తారే మరి. దాని మీదే తినాల అందరం" అన్నాను. నా నోటి వెంట మా ఊరి యాస వచ్చేసింది. సుభ నా కాలిన వేళ్ల మచ్చ వైపు చూసింది. తర్వాత అంది, మెల్లగానే అంది, "పెద్దమ్మకు చెప్పాల్సిందమ్మా."

"చెప్పాల్సింది."

"ఆమె ఆకాశం కూడా చూడలేదన్నావు."

"ఔను."

అంతకు మించి నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. అది నాకు మంచిదే అయింది. ఓదారిస్తే తట్టుకోలేకపోయేదాన్ని. ఆమె తిరిగి బల్ల దగ్గరికి వెళ్లి నేను చెప్పిన ప్రతి ముక్కా కొట్టింది, ఈ ముక్కతో సహా. నా గుండెలో బరువు దిగిందా అంటే, లేదు. దింపుకోవాల్సిన చోటు వేరే, ఆ చోటు ఇప్పుడు లేదు. బిడ్డ సంగతి నేను అడగలేదు.

ఇక్కడి నుంచి ఆ సాయంత్రం మళ్లీ కూర్చుని చెప్పింది. మధ్యాహ్నం మహేష్ అట్టపెట్టె విప్పి పసిబిడ్డ ఉయ్యాల మంచం బిగించాడు. స్క్రూలు ఒక చోట, చెక్కలు ఒక చోట. చెమటలు కక్కుతూ "దీన్ని ఎక్కడ పెట్టాలి, మన రూమ్‌లోనేనా?" అని అడిగాడు. నేను నా గదిలో బట్టలు మడతపెట్టుకుంటున్నాను. మడతపెట్టినదే మళ్లీ విప్పి మడతపెడుతున్నాను. "రాత్రిళ్లు మన రూమ్‌లో. పగలు అమ్మ రూమ్‌లో. చక్రాలున్నాయిగా" అంది సుభ. ఏదో కూరగాయలు ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు చెప్పింది. ఉయ్యాల మంచాన్ని తోసుకుంటూ వచ్చి నా మంచం పక్కన ఆనించింది. హోటల్లో చూసినలాంటిదే, నా గది గోడకు ఉన్న తెల్ల డబ్బా మీట నొక్కి చూసింది. అది కీచుమని అరిచింది. తర్వాత గుమ్మం దగ్గరికి వెళ్లి తలుపు పట్టుకుని నిలబడింది.

"ఎంత తెరవాలి?" అంది.

"జానెడు."

"జానెడంటే ఎంత?"

నేను లేచి వెళ్లి తలుపుకూ గుమ్మానికీ మధ్య చెయ్యి చాపి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా కొలిచి చూపించాను. నా వేళ్లు ముడుచుకుపోయాయి, ఇప్పుడవి పూర్తిగా చాచుకోవు. సుభ తన చెయ్యి నా చేతి మీద పెట్టి కొలిచింది. ఆమె జానెడు నా జానెడు కంటే ఒక వేలెడు పెద్దది.

"నీది పెట్టనా, నాది పెట్టనా?" అంది.

"నీదే పెట్టు తల్లీ" అన్నాను. "నీదే పెట్టు."